ఆషాఢంలో చూడండి, శ్రావణంలో పాలు పొంగించండి: చిన్న ఊళ్లో కొత్త ఇల్లు కొనేవాళ్లకు

కొత్త ఇల్లు చూడ్డానికి అందరూ మాఘంలోనో ఫాల్గుణంలోనో బయల్దేరతారు. అప్పుడు ఎండ కాస్తుంటుంది, రంగులు మెరుస్తుంటాయి, గుమ్మానికి మామిడాకులు కట్టి ఉంటాయి. నా మాట విని ఆషాఢంలో వెళ్లండి. ఆ నెలలో గృహప్రవేశాలుండవు. రిజిస్ట్రేషన్లు కూడా చాలామంది వాయిదా వేసుకుంటారు. మాఘంలో ఫోన్ ఎత్తని బిల్డరు ఆషాఢంలో తనే చేసి "ఏం సార్, ఏమన్నా ఆలోచించారా?" అంటాడు. వడ్డీకి తెచ్చి కట్టినవాడైతే ఇంకాస్త దిగుతాడు.

పైగా అప్పటికి వానలు మొదలై ఉంటాయి. పాత ఇంటికైతే ఎక్కడ కారిందో, ఎక్కడ చెమ్మ ఎక్కిందో గోడలే చెప్తాయి. కొత్తింట్లో అలా చెప్పేదేమీ ఉండదు. అది ఇంకా ఒక్క వానా చూడలేదు, ఒక్క సంసారాన్నీ మోయలేదు. మనం డబ్బు కట్టేలోపే ఆ రెండూ దానికి చూపించాలి.

నేను చెప్పేదంతా తెనాలి లెక్క. అమ్మానాన్నల కోసం అక్కడ ఓ ఇండిపెండెంట్ ఇల్లు కొన్నాను, ఆ తర్వాత మా చుట్టాల్లో ఇద్దరికి తోడు తిరిగాను. మూడు కాలువలు ఊళ్లోంచి పారతాయని ఆంధ్రా ప్యారిస్ అంటారు దాన్ని. కాలువలూ నల్లరేగడీ ఉన్న ఊళ్లో ఇల్లు కొనడమంటే ముందు నీళ్లతోనే బేరం. భీమవరమైనా రేపల్లె అయినా ఇందులో చాలా భాగం పనికొస్తుంది. తెలంగాణ పట్టణాల్లో కొనేవాళ్లు ఆఫీసుల పేర్లు, ఫీజుల విభజన మాత్రం మార్చుకుని చదవండి.

ధరను ముందు కాగితం మీద విడగొట్టండి

ఇల్లు చూడకముందే ఈ పని చేయండి. చూశాక మనసు లెక్కలు ఒప్పుకోదు.

ఉదాహరణకు స్థలం 150 గజాలు అనుకుందాం, 30 అడుగుల వెడల్పు, 45 అడుగుల పొడవు. ఆ వీధిలో ఖాళీ స్థలం గజం 30 వేలుంటే స్థలం విలువ 45 లక్షలు. ఇల్లు 1,100 చదరపు అడుగులు, చదరపు అడుగుకు 2,000 వేసుకుంటే 22 లక్షలు. బోరు, సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ, గేటు కలిపి ఇంకో 4 లక్షలు. మొత్తం 71. ఆయన 85 చెప్తున్నాడంటే ఆ పైన ఉన్న 14 లక్షలు లాభం, వడ్డీ, మధ్యవర్తి కమీషను, మీ మొహమాటం. ఈ అంకెలన్నీ ఊహకే. మీ ఊళ్లో గజం రేటు తెలియాలంటే ఇల్లు అమ్మేవాణ్ణి కాదు, అదే వీధిలో ఖాళీ స్థలం అమ్మేవాణ్ణి అడగండి. కట్టుబడి రేటు ఆ ఇంటితో సంబంధం లేని ఇద్దరు మేస్త్రుల్ని అడగండి.

గజాలూ సెంట్లూ కలగలిపి చెప్తారు, తికమక పడొద్దు. సెంటు అంటే 48.4 గజాలు, గజం అంటే 9 చదరపు అడుగులు. "మూడు సెంట్లండీ" అన్నచోట 145 గజాలుంటుంది, 150 కాదు.

ఇంటికన్నా ముందు వీధి చూడండి

బండి వీధి మొదట్లోనే ఆపి నడవండి. పదేళ్ల క్రితం కట్టిన ప్రహరీ గోడలు చూడండి. అవి ఒరిగి ఉన్నా, మెట్లు మెట్లుగా పగిలి ఉన్నా అక్కడి నేల సంగతి తెలిసిపోతుంది. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బిగుసుకుని బీటలిస్తుంది. ఏడాదికోసారి పునాదిని ఎత్తి దించుతున్నట్టే. అందుకని ఈ ఇంటి పునాది ఎంత లోతు తీశారు, పైల్స్ (నేలలోకి లోతుగా దించే కాంక్రీటు స్తంభాలు) వేశారా, మామూలు ఫుటింగులేనా అని అడగండి. సమాధానం బిల్డరు కన్నా, కట్టేటప్పుడు అక్కడే కాపలా ఉన్న వాచ్‌మన్ దంపతులు సూటిగా చెప్తారు. వాళ్లు ఇప్పుడు పక్క సైటులో కొత్త కట్టుబడి దగ్గరే ఉంటారు, దొరక్కపోవడం ఉండదు.

స్థలం అంతకుముందు ఏమిటన్నది కూడా వాళ్లకే తెలుసు. వరిచేనా, చెరువా, ఇటుకల బట్టీ గుంటా? మెరక చేయడానికి ఏం తోలారు, గ్రావెలా, బుసకా, కూల్చిన ఇళ్ల చెత్తా? తోలాక ఒక వానాకాలమైనా ఆగారా, వెంటనే కట్టేశారా?

తర్వాత బేస్‌మట్టం. రోడ్డు మీద నిలబడి ఇంటి గచ్చు ఎంత ఎత్తులో ఉందో కొలవండి. రెండడుగులకు తక్కువైతే నేను వెనక్కి తిరిగి వచ్చేస్తాను. మన ఊళ్లలో సిమెంటు రోడ్డు పాడైతే తవ్వి వేయరు, పైన ఇంకో పొర పోస్తారు. పదేళ్లకు రోడ్డు గుమ్మం దాకా వస్తుంది. పక్క కాలువ పూర్తిగా కట్టారా, లేక ఈ ఇంటి ముందే ఆగిపోయిందా? ఆగిపోతే వీధి నీళ్లన్నీ ఎక్కడ నిలుస్తాయో చెప్పక్కర్లేదు.

మా చుట్టాలబ్బాయితో వెళ్లినప్పుడు ఎదురింటి పెద్దావిడ వాకిట్లో కూర్చుని ఉంది. "అమ్మా, వాన పడితే ఇక్కడ నీళ్లు నిలుస్తాయా?" అని అడిగాను. "అబ్బే, అంత లేదు బాబూ. మోకాలి దాకా రావు. రెండ్రోజులు బండి మాత్రం బయటికి తీయలేం" అంది. బిల్డరు మూడు వారాలుగా "చుక్క నిలవదు సార్" అంటున్న వీధి అది.

వాస్తు గురించి ఒక్కటే చెప్తాను. మీకు నమ్మకం లేకపోయినా చూసుకోండి, ఎందుకంటే రేపు మీ దగ్గర కొనేవాడికి ఉంటుంది. వీధిపోటు, నైరుతిలో బోరు, ఈశాన్యంలో మరుగుదొడ్డి ఉన్న ఇల్లు చిన్న ఊళ్లో అమ్ముడుపోవడం కష్టం. అవి ఉన్న ఇల్లు చవగ్గా వస్తుంటే అమ్మేటప్పుడూ చవగ్గానే పోతుందని లెక్క వేసుకోండి.

టేపు, రూపాయి బిళ్ల, బకెట్ నీళ్లు

రెండోసారి వెళ్లేటప్పుడు ఈ మూడూ పట్టుకెళ్లండి. రసమట్టం ఉన్న మేస్త్రి తోడుంటే మరీ మంచిది. ఒక పూట కూలి ఇస్తే వస్తాడు. బిల్డరుకు తెలియని మేస్త్రి అయ్యుండాలి.

ముందు టేపు. స్థలం నాలుగు పక్కలా కొలవండి. ప్రహరీ లోపల కాదు, గోడ మందం ఎవరిదో అడిగి కొలవండి. కాగితంలో 45 అడుగులుండి నేల మీద 44 వస్తే పోయింది ఒక్క అడుగే కదా అనిపిస్తుంది. 30 అడుగుల వెడల్పుకి అది 30 చదరపు అడుగులు, అంటే మూడు గజాలు, పైన ఇంకో మూడో వంతు. గజం 30 వేల చొప్పున సరిగ్గా లక్ష రూపాయలు. రిజిస్టరయ్యాక ఆ లక్ష ఎవరూ ఇవ్వరు.

తర్వాత రూపాయి బిళ్ల. ప్రతి గదిలోనూ టైల్స్ మీద అక్కడక్కడా తట్టుకుంటూ వెళ్లండి. కింద సిమెంటు నిండుగా ఉన్నచోట గట్టిగా టక్కుమంటుంది. డొల్లగా మోగిందా, కింద ఖాళీ ఉందన్నమాట. బరువైన బీరువా జరిపిన రోజున ఆ టైలు పగులుతుంది. గదికి ఒకటో రెండో అయితే పట్టించుకోకండి, వరసగా మోగితే చాక్‌పీసుతో గుర్తు పెట్టి మార్పించండి.

గోడల మీద సన్నటి వెంట్రుకవాసి గీతలు ప్లాస్టరింగ్ ఆరినప్పుడు పడేవే, భయం లేదు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయిన పగులు మాత్రం వేరు. గోరు దూరేంత ఉందంటే పునాది ఒక పక్క కుంగుతోందేమో అన్న అనుమానంతో ఇంజినీరును పిలవాల్సిందే. లప్పం పెట్టి రంగు వేస్తే కళ్లకు కనపడదు కాబట్టి రాత్రి పూట సెల్‌ఫోన్ లైటు గోడకు ఆనించి అడ్డంగా వేసి చూడండి. పూత పెట్టినచోటు నీడ పడి బయటపడుతుంది.

ఇక నీళ్లు. అసలు పరీక్ష ఇదే, నేను చేయక దెబ్బ తిన్నదీ ఇదే.

మా ఇల్లు ఫిబ్రవరిలో కొన్నాం. నిగనిగలాడే ఇల్లు, అమ్మ పూజగది చూసి పొంగిపోయింది. అక్టోబరులో వాయుగుండం పట్టి మూడు రోజులు వదలకుండా వాన కురిసింది. నాలుగో రోజు అమ్మ ఫోన్ చేసి "ఉత్తరం గదిలో ఏదో ముక్కిపోయిన వాసన వేస్తోందిరా" అంది. వెళ్లి బీరువా జరిపి చూస్తే దాని వెనక గోడ మీద లప్పం అప్పడంలా ఉబ్బి ఉంది. వేలితో నొక్కితే లోపల తడి సున్నం. మిద్దె మీద నీళ్లు బయటికి పోయే గొట్టం పిట్టగోడను దాటే చోట చుట్టూ సందు పూడ్చకుండా వదిలేశారు. బిల్డరుకు అప్పటికే మొత్తం డబ్బు ముట్టింది. "చూద్దాం సార్, కుర్రాణ్ణి పంపుతా" అన్నాడు. ఆ కుర్రాడు ఇప్పటిదాకా రాలేదు.

అందుకే మీరు ముందే అడగండి. మిద్దె మీద నీళ్లు పోయే గొట్టాలు మూసేసి, అంగుళం రెండంగుళాల లోతు నీళ్లు నిలబెట్టి 24 గంటలు ఉంచమనండి. మర్నాడు కింద గదుల్లో సీలింగు, గోడల పైఅంచులు, ఫ్యాను కొక్కేల చుట్టూ చూడండి. బాత్‌రూముల్లో కూడా నీళ్లు పోయే జాలీ (నహానీ ట్రాప్) మూసి అలాగే చేయించి, అవతలి పక్క గది గోడ చేత్తో తడమండి. "పెయింటు పాడవుతుంది సార్" అంటాడు. కారకపోతే పెయింటెందుకు పాడవుతుంది? ఆషాఢంలో వెళ్లమన్నది ఇందుకు కూడా. నాలుగు మంచి వానలు పడితే ఈ పరీక్ష ఖర్చు లేకుండా అయిపోతుంది.

బాత్‌రూములోనూ బాల్కనీలోనూ బకెట్టు నీళ్లు గుమ్మరించి వాటం చూడండి. నీళ్లు గొట్టం వైపు పారాలి. గుమ్మం వైపు వచ్చినా, మూల మడుగు కట్టినా ఆ టైల్స్ లేపి మళ్లీ వేయాల్సిందే. అన్ని కుళాయిలూ ఒకేసారి తిప్పి, ఫ్లష్ కొట్టి పైఅంతస్తులో ధార ఎలా వస్తుందో చూడండి.

బోరు నీళ్లు సీసాలో పట్టుకెళ్లి టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాలు ఎంతో, చూపించండి. తాగునీటికి లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలన్నది భారతీయ ప్రమాణం, వేరే దారి లేనప్పుడు 2,000 దాకా ఒప్పుకుంటారు. డెల్టాలో సముద్రం వైపు పోయేకొద్దీ ఉప్పు ఎక్కువవుతుంది. ఇంట్లో మునిసిపాలిటీ కుళాయి ఉందా, ఉంటే వేసవిలో కాలువలు కట్టేశాక రోజూ వస్తుందా, రోజు విడిచి రోజా అన్నది ఎదురింటి పెద్దావిడనే అడగండి.

సెప్టిక్ ట్యాంకు ఎక్కడుందో మూత తీయించి చూడండి. కారు పెట్టే చోట టైల్స్ కింద మూత కప్పేసిన ఇళ్లు చూశాను. నిండినప్పుడు బండి గొట్టం ఎటు నుంచి వేస్తారు? బోరుకు ఆ ట్యాంకుకు మధ్య ఎంత దూరం ఉంది? 150 గజాల స్థలంలో ఎలాగూ ఎక్కువ దూరం రాదు. కనీసం ఎదురెదురు మూలల్లో ఉండాలి.

కరెంటు విషయం త్వరగా తేలుతుంది. మీటరు ఇంటి కేటగిరీలోకి మారిందా, ఇంకా కట్టుబడి కోసం తీసుకున్న తాత్కాలిక కనెక్షనే నడుస్తోందా అన్నది బిల్లులో ఉంటుంది. ఏసీ, గీజరు పాయింట్లకు 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, మామూలు ప్లగ్గులకు 2.5 లాగారా అని ఒక స్విచ్ బోర్డు విప్పించి చూడండి. ఎర్త్ గుంత ఎక్కడో చూపించమనండి. చూపించలేకపోతే లేదనే అర్థం.

కాగితాలు

ఇల్లు నచ్చాక మొదటి అడ్వాన్సు ఇచ్చేలోపు వీటి జిరాక్సులు తీసుకుని మీ సొంత లాయరుకు ఇవ్వండి. బ్యాంకు లాయరు కూడా చూస్తాడు గదా అని ఊరుకోకండి. ఆయన చూసేది బ్యాంకు డబ్బు క్షేమం, మీ డబ్బుది కాదు.

అమ్మేవాళ్ల పేరున ఉన్న దస్తావేజు, దాని వెనక కనీసం ముప్పై ఏళ్ల లింకు డాక్యుమెంట్లు, అదే కాలానికి ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే కాగితం. ఈసీ ఆన్‌లైన్లో 1983 నుంచి దొరుకుతుంది. అంతకుముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి. అయితే ఈసీ ఖాళీగా ఉంది కాబట్టి గొడవల్లేవనుకోవద్దు. రిజిస్టరు కాని అగ్రిమెంట్లు, చేబదులుకు కాగితాలు తాకట్టు పెట్టిన సంగతి అందులో కనపడవు. అందుకే ఒరిజినల్స్ కళ్లతో చూడాలి. "బ్యాంకులో ఉన్నాయి" అంటే ఏ బ్యాంకు, ఎంత బాకీ, మన డబ్బుతోనే తీరుస్తాడా అన్నది అక్కడే తేల్చుకోండి. "మా బావమరిది దగ్గర ఉన్నాయి" అంటే లేచి రండి.

స్థలం ఒకప్పుడు ఉమ్మడి ఆస్తి అయితే ఆడపిల్లల సంతకాలు ఉన్నాయో లేదో చూడండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సవరణతో అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు, దేశమంతటా 2005 సవరణతో కూతుళ్లందరికీ కొడుకులతో సమానంగా వాటా వచ్చింది. లింకు డాక్యుమెంట్లలో అన్నదమ్ములే పంచుకున్న పారిఖత్తు కనిపిస్తే అక్కచెల్లెళ్ల మాటేమిటని అడగాలి.

సర్వే నంబరు నిషేధిత జాబితాలో, అంటే 22ఏలో ఉందేమో రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైటులోనే చూసుకోవచ్చు. కాలువ గట్ల దగ్గర పోరంబోకు, దేవాదాయ భూమి, అసైన్డ్ భూమి తగులుతుంటాయి. పేదలకిచ్చిన అసైన్డ్ భూమి కొనడం 1977 చట్టం ప్రకారం మామూలుగా చెల్లదు. 2023లో కొన్ని సడలింపులు వచ్చినా లాయర్ని అడక్కుండా దాని జోలికి పోవద్దు.

మునిసిపాలిటీ ప్లాను తీసుకుని ఇంటి ముందు నిలబడి పోల్చండి. ప్లానులో వదిలిన ఖాళీలు నేల మీద ఉన్నాయా? జీ ప్లస్ వన్‌కు అనుమతి తీసుకుని పైన గది లేపారా? లేపితే పన్నుతో పాటు పెనాల్టీ మీ నెత్తిన పడుతుంది, ఆ గదికి బ్యాంకు విలువ కట్టదు. లేఔటు అప్రూవ్డా, కాకపోతే ఎల్ఆర్ఎస్, అంటే క్రమబద్ధీకరణ ఫీజు, కట్టారా? ఇంటి పన్ను అసెస్‌మెంట్ నంబరు వచ్చిందా, లేక ఇంకా ఖాళీ స్థలం పన్నే నడుస్తోందా?

చాలామంది చూడనిది ఇంకొకటుంది. చిన్న ఊళ్లో బిల్డరు స్థలాన్ని తన పేరున రిజిస్టరు చేయించుకోడు. స్థలం యజమానితో అగ్రిమెంటు రాసుకుని, ఇల్లు కట్టి, నేరుగా యజమాని చేత మీకు రిజిస్ట్రేషన్ చేయిస్తాడు. దస్తావేజులో కట్టినవాడి పేరే ఉండదు. రేపు మిద్దె కారితే యజమాని "నేను స్థలమే అమ్మాను బాబూ" అంటాడు, బిల్డరు "నేను అమ్మలేదు కదా" అంటాడు. రెరా, అంటే ఇళ్లు కొనేవాళ్ల కోసం పెట్టిన చట్టం, ఆదుకుంటుందిలే అనుకోవడానికీ లేదు. స్థలం 500 చదరపు మీటర్లు దాటకపోయినా, ఇళ్లు ఎనిమిది దాటకపోయినా రెరాలో నమోదు తప్పనిసరి కాదు. 500 చదరపు మీటర్లంటే దాదాపు 600 గజాలు. మన 150 గజాల ఇల్లు ఆ గొడుగు కిందికి రాదు. కాబట్టి అగ్రిమెంటులో బిల్డరు కూడా సంతకం పెట్టాలి.

బేరం, అగ్రిమెంటు

బేరంలో ఇల్లు బాగుందని అనొద్దు, బాగాలేదనీ అనొద్దు. మేస్త్రి రాసిచ్చిన లోపాల చీటీ బల్ల మీద పెట్టి "ఇవి చేయించి ఇస్తే ఇంత, చేయించకపోతే ఇంత" అనండి. మధ్యవర్తి కమీషను ఎవరెంత ఇవ్వాలో మొదటి రోజే మాట్లాడుకోండి. చివరి రోజు మాట్లాడితే రెండు పక్కలా తీసుకుంటాడు.

76 లక్షలకు తెగిందనుకుందాం. అగ్రిమెంటులో ఇవి రాయించండి: చీటీలోని పనులన్నీ ఏ తేదీలోపు అవ్వాలి, మీటరు, కుళాయి, పన్ను పేరు మార్పుకు సంతకాలు ఎవరు పెట్టాలి, లోను రాకపోతే అడ్వాన్సు వెనక్కి ఎప్పుడిస్తారు. ఈ ఆఖరిది రాయించనివాళ్లు అడ్వాన్సు కోసం ఏడాది తిరగడం చూశాను.

దాంతో పాటు నేను వాన సొమ్ము అని పేరు పెట్టుకున్నది ఒకటి. లక్షో లక్షన్నరో బిల్డరుకు ఇవ్వకుండా ఇద్దరికీ నమ్మకమైన పెద్దమనిషి దగ్గర ఉంచడం. ఒక వానాకాలం గడిచి, కారకపోతే బిల్డరుకు, కారితే బాగుచేతకు. కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు పెట్టాలి. ముందు గింజుకుంటాడు. ఆషాఢం అయితే ఒప్పుకుంటాడు. మా చుట్టాలబ్బాయి అలాగే ఒప్పించాడు.

డబ్బు సర్దుబాటు

లోను 30 లక్షలు దాటి 75 లక్షల దాకా అయితే ఆస్తి విలువలో 80 శాతం వరకే బ్యాంకు ఇవ్వగలదు, అది రిజర్వు బ్యాంకు నిబంధన. 76 లక్షల మీద గరిష్ఠంగా 60 లక్షల 80 వేలు. అదీ బ్యాంకు ఇంజినీరు కూడా 76 విలువ కడితే. తక్కువ కట్టాడా, ఆ తేడా మీ జేబులోంచే. రిజిస్ట్రేషన్ ఖర్చు లోనులో కలవదు. ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, కలిపి 7.5 శాతం. అమ్మకం ధర, ప్రభుత్వ విలువ, రెండిట్లో ఏది ఎక్కువైతే దాని మీద. అంటే 5 లక్షల 70 వేలు. చేతిలో 21 లక్షలు లేకుండా 76 లక్షల ఇల్లు బేరమాడొద్దు. పాలు పొంగించడానికీ ఫ్యాన్లకూ కర్టెన్లకూ అయ్యేది ఇందులో లేదు.

ధర 50 లక్షలు, ఆపైన ఉంటే 1 శాతం టీడీఎస్ (ఇది నీళ్లది కాదు, అమ్మేవాళ్ల తరఫున ముందే కోసే పన్ను) మీరే పట్టుకుని ఆదాయపు పన్ను శాఖకు కట్టాలి. ఇక్కడ 76 వేలు. ఇది మీ మీద అదనపు భారం కాదు, అమ్మేవాళ్లకిచ్చే దాంట్లోంచే తగ్గించేది. కానీ కట్టకపోతే నోటీసు మీకే వస్తుంది. స్థలం యజమాని అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటే ఈ 1 శాతం లెక్క చెల్లదు, పట్టాల్సింది చాలా ఎక్కువ. అడ్వాన్సు ఇచ్చేముందే ఆడిటర్ని కలవండి.

"వైట్ ఎంత, బ్లాక్ ఎంత?" అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఇల్లూ స్థలాల లావాదేవీలో 20 వేలు, అంతకు మించి నగదు తీసుకోకూడదు. పట్టుబడితే తీసుకున్నవాడికి అంత మొత్తమూ పెనాల్టీ. మీ వైపు నష్టం వేరేగా ఉంటుంది. కాగితం మీద తక్కువ చూపిస్తే లోను తగ్గుతుంది, రేపు మీరు అమ్మినప్పుడు లాభం ఎక్కువ కనిపించి పన్ను పెరుగుతుంది, బేరం చెడితే నగదు ఇచ్చినట్టు రుజువే ఉండదు. మొత్తం బ్యాంకు ద్వారానే ఇస్తామని మొదటి రోజే చెప్పేయండి.

పూర్తయిన ఇంటికి జీఎస్టీ అడిగితే, కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చాక అమ్మే ఇంటికి జీఎస్టీ లేదని చెప్పండి.

రిజిస్ట్రేషన్ రోజు

ముందురోజే దస్తావేజు లేఖరి దగ్గర డ్రాఫ్టు తీసుకుని ఇంట్లో కూర్చుని చదవండి. ఆఫీసులో నిలబడి చదవలేరు, జనం తోస్తుంటారు. పేర్ల అక్షరాలు, సర్వే నంబరు, డోరు నంబరు, నాలుగు వైపులా హద్దులు. తూర్పు హద్దులో పక్కింటాయన పేరు పడమరలో పడితే తర్వాత సవరణ దస్తావేజు రాయించుకోవాలి, దానికి మళ్లీ అమ్మేవాళ్లు రావాలి. ఉదయం మరోసారి ఈసీ తీయండి, నిన్న ఎవరికైనా రాసిచ్చారేమో.

ఆధార్, పాన్ దగ్గర ఉంచుకోండి, ఇద్దరు సాక్షుల్ని తీసుకెళ్లండి. మీరు విదేశంలో ఉండి ఊళ్లో నాన్నగారి చేత చేయించాలంటే అక్కడి భారత కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీ రాసి పంపాలి. అది ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి. కవరు బీరువాలో పెట్టి ముహూర్తం దాకా మర్చిపోతే మొదటికి వస్తుంది.

తాళాలు చేతికొచ్చాక

అదే వారం మీటరు, కుళాయి, ఇంటి పన్ను మీ పేరుకు మార్పించండి. అమ్మేవాళ్లు సంతకాలకు దొరికేది ఆ వారమే. ప్లాను, వైరింగు ఎటు పోయిందో ఫోటోలు, పైపుల గీత, బోరు లోతు, మోటారు వారంటీ కార్డు బిల్డరు దగ్గర్నుంచి అడిగి తీసుకోండి. మేకు కొట్టే ప్రతిసారీ అవి కావాలి.

శ్రావణంలో పాలు పొంగించండి. బీరువాలు మాత్రం ఆ ఏడాదికి బయటి గోడలకు ఆనించకుండా జానెడు జరిపి పెట్టండి. మొదటి పెద్ద వాన రాత్రి టార్చి పట్టుకుని నాలుగు చోట్లకు వెళ్లండి: మిద్దె మీద గొట్టాల దగ్గరకు, మెట్ల గది తలుపు కిందకు, బాత్‌రూముల అవతలి గోడ దగ్గరకు, కిటికీ సజ్జల కిందకు. చెమ్మ కనిపిస్తే తేదీ పడేలా ఫోటో తీసి ఆ రాత్రే బిల్డరుకు వాట్సాప్‌లో పెట్టండి, పెద్దమనిషికీ ఒక కాపీ. వాయుగుండాలు వెళ్లిపోయాక, కార్తీకం చివర గోడలన్నీ చేత్తో తడిమి చూసుకుని, అప్పుడు ఆ వాన సొమ్ము ఇచ్చేయమని పెద్దమనిషికి ఫోన్ చేయండి.